పీ53 జన్యువుల్ని నియంత్రించే ప్రొటీనా, డీఎన్ఏని బాగుచేసే ప్రొటీనా?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. సిలబస్‌లో జీన్ రెగ్యులేషన్ ఒక యూనిట్, డీఎన్ఏ రిపేర్ ఇంకో యూనిట్. పీ53 రెండు చోట్లా కనిపిస్తోంది, దాని అసలు పని ఏది, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అడిగితే ఏమని చెప్పాలి అన్నది మొదటిది. మీరు నెల్లూరు నుంచి వచ్చి బెంగళూరులో యలహంక వైపు ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ చేస్తున్నారు, హీలా అనే క్యాన్సర్ కణాలకు యూవీ (అతినీలలోహిత కిరణాలు) ఇచ్చి మూడుసార్లు వెస్టర్న్ బ్లాట్ (ఒక ప్రొటీన్ ఎంతుందో బ్యాండ్‌గా చూపే పరీక్ష) చేసినా పీ53 బ్యాండ్ పెరగలేదు, గైడ్‌కి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది అన్నది రెండోది. నేను బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్లయింది. అందులో ఎక్కువ భాగం దెబ్బతిన్న డీఎన్ఏ చుట్టూనే గడిచింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మొదటిది సరిగ్గా అర్థమైతే మీ బ్లాట్ సంగతి సగం తేలిపోతుంది.

ఇంటర్వ్యూలో ఒక్క వాక్యం చాలనుకుంటే ఇలా చెప్పండి: పీ53 ప్రధానంగా ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్, అంటే ఏ జన్యువు చదవాలో నియంత్రించే ప్రొటీన్. డీఎన్ఏలో పాడైన అక్షరాన్ని (బేస్‌ని) అది తీసెయ్యదు, తెగిన పోగును అతకదు. ఆ పనులు చేసే ప్రొటీన్ల జన్యువులు చదివేలా చేస్తుంది, ఈలోగా కణం రెండుగా విడిపోకుండా ఆపుతుంది. బాగుచేయలేనంత దెబ్బ తగిలితే కణాన్ని చావుకు పంపుతుంది.

మామూలు కణంలో పీ53 ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది, తయారైంది తయారైనట్టే పోతుంటుంది. దాని అర్ధాయువు 20 నిమిషాల పైచిలుకే. ఎండీఎం2 అనే ప్రొటీన్ దానికి యుబిక్విటిన్ గుర్తు తగిలిస్తుంది, ఆ గుర్తు చూసి ప్రొటియాజోమ్ అనే ప్రొటీన్లు ముక్కలు చేసే యంత్రం దాన్ని నమిలేస్తుంది. డీఎన్ఏ తెగితే ఏటీఎం అనే కైనేజ్, యూవీ లాంటి దెబ్బకైతే ముఖ్యంగా ఏటీఆర్ అనే కైనేజ్ లేస్తాయి. ఇవి పీ53 మీద ఫాస్ఫేట్లు పెడతాయి, దాంతో ఎండీఎం2 పట్టు సడలుతుంది. కొత్తగా తయారు చేయక్కర్లేదు, చంపడం ఆపితే చాలు, గంట రెండు గంటల్లో పీ53 పేరుకుపోతుంది. ప్రమాదం వచ్చాక జన్యువు చదివి, ప్రొటీన్ చేసి, అప్పుడు కదలడం కన్నా ఇది చాలా వేగం. ఎప్పుడూ తయారు చేసి పారేయడంలో కణానికి ఖర్చుంది, ఆ ఖర్చు ఈ వేగం కోసమే పెడుతోంది.

పేరుకున్న పీ53 నాలుగు నాలుగుగా జట్టు కట్టి డీఎన్ఏ మీద కూర్చుంటుంది. పీ21 జన్యువు చదవబడుతుంది, కణ విభజన ఆగుతుంది. యూవీ దెబ్బను వెతికిపట్టే డీడీబీ2, ఎక్స్‌పీసీ జన్యువులు కూడా దాని చెప్పుచేతల్లోనే ఉన్నాయి. తమాషా ఏమిటంటే ఎండీఎం2 జన్యువును చదివించేదీ పీ53యే. తనను చంపేదాన్ని తనే తెప్పించుకుంటుంది కాబట్టి పని అయ్యాక దాని మోత దానంతటదే తగ్గుతుంది.

మీరు పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నారు కాబట్టి ఒక చిన్న చరిత్ర గుర్తుంచుకోండి. పీ53ని కనుక్కున్నది 1979లో. ఆ తర్వాత పదేళ్లు దాన్ని క్యాన్సర్ తెచ్చే ప్రొటీన్ అనుకున్నారు. ల్యాబుల్లో తిరిగిన క్లోన్లు (ఆ జన్యువు నకళ్లు) చాలావరకు అప్పటికే పాడైన రకాలు కావడమే కారణం. 1989లో గానీ అది క్యాన్సర్‌ను అడ్డుకునేదని తేలలేదు. ఒక ప్రొటీన్ పని ఏమిటో చెప్పేముందు మన చేతిలో ఉన్నది ఆ ప్రొటీన్ ఏ రూపమో చూసుకోవాలని నేను విద్యార్థులకు మొదటివారంలోనే చెబుతాను. మీ హీలా కణాల దగ్గర ఇదే మాట మళ్లీ వస్తుంది.

నియంత్రణ, మరమ్మతు వేరని చూపించడానికి మంచి ప్రయోగం ఒకటుంది. నట్లిన్-3 అనే మందు పీ53ని ఎండీఎం2 పట్టుకునే గుంటలోకి తను దూరుతుంది. డీఎన్ఏకి ఒక్క గీటు కూడా పడదు, అయినా పీ53 పెరుగుతుంది, పీ21 పెరుగుతుంది, కణం ఆగుతుంది. బాగుచేయడానికి అక్కడ ఏమీ లేదు, అయినా పీ53 తన పని తను చేసింది.

ఇక్కడితో ఆపితే మీ రెండు యూనిట్లు వేరువేరుగానే మిగిలిపోతాయి. నాకు అసలు చెప్పాలనున్నది ఇప్పుడు మొదలవుతుంది. చదవడం, బాగుచేయడం రెండు పుస్తకాధ్యాయాలు అయ్యాయి గానీ కణంలో రెండు శాఖలు లేవు. ఎందుకంటే రెండింటికీ ఎదురయ్యే మొదటి కష్టం ఒకటే: డీఎన్ఏ దగ్గరికి చేరడం. మన ఒక్క కణంలో సుమారు రెండు మీటర్ల డీఎన్ఏ కొన్ని మైక్రాన్ల కేంద్రకంలో సర్ది ఉంది. ప్రతి 147 అక్షరాల జతలు హిస్టోన్లు అనే ప్రొటీన్లు ఎనిమిది కలిసిన ముద్ద చుట్టూ చుట్టుకుని ఉంటాయి. చదవాలన్నా బాగుచేయాలన్నా ముందు ఆ చుట్ట సడలించాలి, తర్వాత రెండు పోగుల్ని విడదీయాలి. విడదీసే పనిముట్టు ఒకసారి తయారయ్యాక కణం దాన్ని రెండు పనులకూ వాడుకుంది. మీ ల్యాబ్‌కి దగ్గర్లో, జక్కూరులో ఉన్న జేఎన్‌సీఏఎస్ఆర్ అనే పరిశోధన సంస్థలో ఇలా చుట్టి ఉన్న డీఎన్ఏ, అంటే క్రోమాటిన్ మీద ఏళ్ల తరబడి పని జరిగింది. అక్కడ సెమినార్ ఉంటే వెళ్లి కూర్చోండి.

ఆ పనిముట్టు పేరు టీఎఫ్‌టూహెచ్. పది ప్రొటీన్ల జట్టు. ట్రాన్‌స్క్రిప్షన్ యూనిట్‌లో మీరు దీన్ని ప్రమోటర్ (చదవడం మొదలయ్యే చోటు) దగ్గర డీఎన్ఏని తెరిచి, జన్యువును చదివే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2ని కదిలించేదిగా చదివి ఉంటారు. 1993లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో దీని భాగాల్ని ఒక్కొక్కటీ చూస్తుంటే ఒకటి ఎక్స్‌పీబీ అని తేలింది. ఎక్స్‌పీబీ అప్పటికే తెలిసిన ప్రొటీన్. అది పాడైతే జీరోడెర్మా పిగ్మెంటోజమ్ వస్తుందని, ఎండ తగిలిన చర్మానికి చిన్న వయసులోనే క్యాన్సర్ వస్తుందని డాక్టర్లకు తెలుసు. జన్యువు చదవడం మొదలుపెట్టేవాళ్లు, యూవీ దెబ్బను తీసేవాళ్లు వేర్వేరు ల్యాబుల్లో ఏళ్లుగా వెతుకుతున్నది ఒకే వస్తువును అన్నమాట.

యూవీ తగిలితే పక్కపక్కనున్న రెండు థైమిన్లు అతుక్కుపోతాయి. ఎక్స్‌పీసీ ఆ వంకర కనిపెడుతుంది, టీఎఫ్‌టూహెచ్ వచ్చి అక్కడ పోగులు విడదీస్తుంది, రెండు వైపులా కత్తిరింపు పడుతుంది, సుమారు 30 అక్షరాల ముక్క ఊడి వస్తుంది, ఖాళీ నింపి అతుకుతారు. ఈ క్రమం మీ నోట్సులో ఉండే ఉంటుంది, దాని మీద ఎక్కువ చెప్పను.

నన్ను ఇప్పటికీ కదిలించేది ఎక్స్‌పీడీ సంగతి. ఇది కూడా టీఎఫ్‌టూహెచ్‌లోని భాగమే. దీని జన్యువులో ఒక చోట మార్పు వస్తే పిల్లవాడికి జీరోడెర్మా వస్తుంది: ఎండ పడదు, చర్మమంతా మచ్చలు, క్యాన్సర్ ముప్పు మామూలు వాళ్లకన్నా వేల రెట్లు. అదే జన్యువులో ఇంకో చోట మార్పు వస్తే ట్రైకోథయోడిస్ట్రోఫీ వస్తుంది: జుట్టు పెళుసుగా విరిగిపోతుంది, పోలరైజ్డ్ వెలుగులో ఆ వెంట్రుక పులి చారల్లా కనిపిస్తుంది, ఎదుగుదల తక్కువ, చాలామందికి ఎండ కూడా పడదు. కానీ చర్మ క్యాన్సర్ ముప్పు పెరగదు. మొదటి మార్పు పోగులు విడదీసే శక్తిని దెబ్బతీస్తుంది. ఎక్స్‌పీడీకి ఉన్న ఆ శక్తి మరమ్మతుకు తప్పనిసరి, చదవడానికి అంతగా అవసరం లేదు, అక్కడ అది జట్టు నిలబడడానికే ఉంటుంది. రెండో రకం మార్పులు ఆ జట్టునే బలహీనం చేస్తాయి. వెంట్రుక మొదట్లోని కణాలు చివరి దశలో గంధకం ఎక్కువున్న ప్రొటీన్లను పెద్ద ఎత్తున చేయాలి. టీఎఫ్‌టూహెచ్ చాలకపోతే ఆ చదువు సగంలో ఆగుతుంది, జుట్టు విరుగుతుంది. ఒకే ప్రొటీన్‌కి రెండు పనులున్నాయని ఇంతకన్నా స్పష్టంగా చూపించేది నాకు ఇంకోటి తెలియదు. ఇంటర్వ్యూలో పీ53 కన్నా ముందు దీన్నే చెప్పమంటాను.

చదవడం వల్ల మరమ్మతు వేగం అవుతుందని కూడా తెలుసుకోవాలి. మీరు రోజూ యలహంక వైపు బస్సులో వెళ్తారు కదా. ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద గొయ్యి పడితే హెబ్బాళ దాకా బస్సులు ఆగిపోతాయి, ఆ గొయ్యి సంగతి గంటలో అందరికీ తెలుస్తుంది. లోపలి క్రాసు రోడ్డులో పడిన గొయ్యి ఎవరైనా వెతుక్కుంటూ వస్తే తప్ప తెలియదు. డీఎన్ఏ మీద బస్సు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్. పాడైన చోటు దగ్గర అది ఆగిపోతుంది, ఆగిన దాన్ని చూసి సీఎస్‌బీ అనే ప్రొటీన్ వస్తుంది, మిగతా వాళ్లను పిలుస్తుంది. చురుగ్గా చదివే జన్యువులు ముందు బాగవుతాయి, వాటిలోనూ చదివే పోగు ముందు. సీఎస్‌బీ పాడైతే కాకేన్ సిండ్రోమ్ అనే, ఎదుగుదల ఆగిపోయే జబ్బు వస్తుంది.

దీన్ని మొదట చూపించింది స్టాన్‌ఫర్డ్‌లో ఫిలిప్ హనావాల్ట్ ల్యాబ్, 1985లో. హ్యామ్‌స్టర్ కణాల్లో డీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువులో యూవీ దెబ్బలు 26 గంటల్లో మూడింట రెండు వంతులకు పైగా పోయాయి, మొత్తం డీఎన్ఏలో చూస్తే చాలా తక్కువే పోయాయి. చదివే పోగే ముందు బాగవుతుందన్నది 1987లో అదే ల్యాబ్ చూపించింది. డీహెచ్ఎఫ్ఆర్ జన్యువునే ఎందుకు ఎంచుకున్నారో తెలిస్తే తెలుగువాళ్లం కాస్త ఆగి చదువుతాం. ఆ కణాల్లో ఆ జన్యువు ఒకటికి యాభై రెట్లలో ఉంది, కొలవడం తేలిక. అలా పెరగడానికి కారణం వాటిని మెథోట్రెక్సేట్ మందులో పెంచడం, ఆ మందు డీహెచ్ఎఫ్ఆర్ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. ఆ మందుకు అక్క లాంటిది అమినోప్టెరిన్. దాన్ని తయారు చేసింది లెడర్లే కంపెనీలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో జరిగిన పని. 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాకి వాడి, కొంతకాలమైనా జబ్బు తగ్గుతుందని చూపించింది దానితోనే. సుబ్బారావు గారు పోయింది ఆ ఏడాదే. ఆయన పని నుంచి సాగిన దారి ఒకటి తిరిగి తిరిగి డీఎన్ఏ మరమ్మతు దగ్గరికి కూడా వచ్చిందని చాలామంది విద్యార్థులకు తెలియదు.

ఇప్పటిదాకా చదివేవాళ్లు మరమ్మతుకు రావడం చూశాం. ఎదురు దారి కూడా ఉంది. టీడీజీ అనే ఎంజైమ్‌ని మరమ్మతు యూనిట్‌లోనే చెబుతారు, జీ ఎదురుగా తప్పుగా చేరిన థైమిన్‌ని కోసేస్తుంది. ఇలాంటి అక్షరాలు కోసే ఎంజైమ్‌లు మనకు చాలా ఉన్నాయి. ఎలుకల్లో వాటిని ఒక్కొక్కటిగా తీసేస్తే చాలావరకు పిల్లలు పుడతాయి, బతుకుతాయి. టీడీజీని తీసేస్తే మాత్రం పిండం గర్భంలోనే పోతుంది. 2011లో ఈ సంగతి బయటికి వచ్చినప్పుడు మా ల్యాబ్‌లో జర్నల్ క్లబ్ రెండు గంటలు సాగింది. ఒక తప్పు అక్షరం దిద్దకపోతే పిండం ఎందుకు చావాలి? తేలిందేమిటంటే జన్యువుల్ని మూసి ఉంచే మిథైల్ గుర్తుల్ని తుడిచే పనిలో టీడీజీ ఉంది. టెట్ ఎంజైమ్‌లు ఆ మిథైల్‌ని అంచెలంచెలుగా మారుస్తాయి, మారిన అక్షరాన్ని టీడీజీ పాడైన దానిలాగే కోసేస్తుంది, ఆ ఖాళీలో మామూలు సైటోసిన్ వచ్చి కూర్చుంటుంది, జన్యువు తెరుచుకుంటుంది. కణం కావాలని ఒక అక్షరాన్ని పాడైన దానిలా చేసి, మరమ్మతు దారిలోనే స్విచ్ వేసింది.

ఇంకొన్ని చకచకా చెబుతాను. ఈస్ట్రోజన్ తగిలిన జన్యువుల ప్రమోటర్ దగ్గర టోపోఐసోమరేజ్ 2 బీటా రెండు పోగుల్నీ తెంచుతుంది, అప్పుడే చదవడం మొదలవుతుంది. ఊడిన అక్షరం దగ్గర పోగును కోసే ఏప్1 ఎంజైమ్‌కి రెఫ్1 అని రెండో పేరుంది, ఎందుకంటే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లను పనికి సిద్ధం చేసేదాని కోసం వెతికినవాళ్లకూ అదే దొరికింది. పార్ప్1 తెగిన చోట వాలి పొడుగాటి గొలుసులు అల్లి క్రోమాటిన్‌ని వదులు చేస్తుంది, డ్రోసోఫిలాలో వేడి తగిలితే లేచే జన్యువుల దగ్గరా పార్ప్ ఇదే చేస్తుంది. తెగిన డీఎన్ఏని బాగుచేయడంలో పనిచేసే బీఆర్‌సీఏ1 పాడైన ట్యూమర్లకు పార్ప్‌ని అడ్డుకునే మందు ఇస్తే ఆ కణాలు తట్టుకోలేవు, ఓలాపరిబ్ 2014 నుంచి వాడుకలో ఉన్నది ఆ లెక్కతోనే. మందుల వైపు వెళ్లాలనుకుంటే ఇది విడిగా చదవండి.

మరి ఒక ప్రొటీన్‌కి నిజంగా రెండు పనులున్నాయని, ఒకదాని వెనకాల ఇంకోటి నీడలా రావడం లేదని ఎలా తెలుస్తుంది? మంచి ఇంటర్వ్యూ బోర్డు అడిగే ప్రశ్న ఇదే. ప్రొటీన్‌ని మొత్తంగా తీసేస్తే జవాబు దొరకదు, రెండు పనులూ కలిసి పోతాయి. ఒక పని పోయి ఇంకో పని మిగిలే మార్పు వెతకాలి. ఎక్స్‌పీడీ రోగుల్లో ప్రకృతే అది చేసింది. పీ53 విషయంలో ఎలుకల్లో చేశారు. పీ53 లేని ఎలుకల్లో ఎక్కువ భాగానికి ఆరు నెలలు తిరక్కముందే ట్యూమర్లు వస్తాయి. కణాన్ని ఆపే పీ21, చంపే ప్యూమా, నోక్సా, ఈ మూడూ తీసేసిన ఎలుకలకు మాత్రం అలా రాలేదు. 2013లో ఇది చూసి చాలామంది నివ్వెరపోయాం. ఆపడం, చంపడం ద్వారానే పీ53 క్యాన్సర్‌ని అడ్డుకుంటుందని అప్పటిదాకా పాఠాలు చెప్పాం మరి. 2018లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వాళ్లు పీ53 చదివించే జన్యువుల్ని ఒక్కొక్కటీ అణచి చూస్తే, అవి లేకపోతే లింఫోమాలు (ఒక రకం రక్తకణాల క్యాన్సర్లు) వచ్చేవాటిలో ఎంఎల్‌హెచ్1 లాంటి డీఎన్ఏ మరమ్మతు జన్యువులు బయటపడ్డాయి. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు ఇంకాస్త లోతైన జవాబు ఇది: పీ53 చేత్తో బాగుచేయదు, కానీ క్యాన్సర్‌ని ఆపడంలో దాని బలం బాగుచేసేవాళ్లను తెప్పించడంలో చాలా ఉంది.

ఇక మీ బ్లాట్. మీ దగ్గర ఉన్నవి హీలా కణాలు. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ గారి గర్భాశయ ముఖద్వార ట్యూమర్ నుంచి తీసినవి. వాటిలో హ్యూమన్ పాపిలోమా వైరస్ 18 ఉంది. ఆ వైరస్ ఈ6 ప్రొటీన్ మన కణంలోని ఈ6ఏపీ అనే ఎంజైమ్‌ని పట్టుకుని పీ53 మీదికి తోలుతుంది. పీ53 జన్యువు అక్కడ మామూలుగానే ఉంది, ప్రొటీన్ మాత్రం నిలవదు. ఏటీఆర్ ఫాస్ఫేట్ పెట్టి ఎండీఎం2ని వదిలించినా లాభం తక్కువ, అక్కడ చంపుతున్నది ఎండీఎం2 కాదు. మీ చేతిలో తప్పు లేదు, ఎంచుకున్న కణంలో ఉంది. యూ2ఓఎస్ గానీ ఎంసీఎఫ్7 గానీ తీసుకోండి, రెండింట్లోనూ పీ53 సరిగ్గా ఉంది. అసలు పీ53 లేని హెచ్1299 లేదా సావోస్2 ఒక గాడిలో వేస్తే మీ యాంటీబాడీ చూపిస్తున్నది పీ53నేనా అన్నది తేలుతుంది. యూవీ ఇవ్వకముందే బ్యాండ్ దట్టంగా ఉండే కణాలు దొరికితే సంబరపడకండి, మార్పు వచ్చిన పీ53 చాలాసార్లు అలాగే పేరుకుని ఉంటుంది.

కణం మార్చాక కూడా రాకపోతే యూవీ ఎలా ఇస్తున్నారో చూసుకోండి. నేను పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో మూడు నెలలు పోగొట్టుకున్నది ఇక్కడే. మీడియం ఉంచేసి, ప్లేటు మూత తీయకుండా యూవీ ఇచ్చేదాన్ని. 254 నానోమీటర్ల యూవీని ప్లాస్టిక్ మూత ఆపేస్తుంది, మీడియంలోని సీరం, ఫినాల్ రెడ్, అమైనో ఆమ్లాలు మిగతాది మింగేస్తాయి. కణాలకు దెబ్బే తగల్లేదు, నేను యాంటీబాడీలు మారుస్తూ కూర్చున్నాను. మీడియం తీసేయండి, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో కడగండి, పల్చటి పొర మాత్రం ఉంచి, మూత తీసి ఇవ్వండి. చదరపు మీటరుకు 10 నుంచి 20 జౌళ్లతో మొదలుపెట్టి 4, 8, 24 గంటలకు కణాలు తీయండి, తేలుతున్న కణాల్ని పారబోయకుండా వాటినీ కలపండి. పీ21 కూడా చూడండి. డోసు మరీ ఎక్కువైతే పీ53 పెరుగుతుంది, పీ21 పెరగదు, ఎందుకంటే అప్పటికి పాలిమరేజ్‌లు డీఎన్ఏ మీద ఎక్కడికక్కడ ఆగిపోయి ఉంటాయి. ఇంకో ప్లేటుకు డీఎన్ఏని తెంచే డాక్సోరూబిసిన్ మందు ఇచ్చి పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టుకోండి.

గైడ్ దగ్గరికి ఆ మూడు బ్లాట్లూ తీసుకెళ్లండి. అన్ని గాడుల్లో ప్రొటీన్ ఒకే మోతాదులో వేశారా అని చూపే యాక్టిన్ బ్యాండ్లు సమానంగా వచ్చి ఉంటే అవి చెడిపోయిన ప్రయోగాలు కావు, హీలాలో పీ53 నిలవదన్న సంగతి చూపిస్తున్న బ్లాట్లు. వీలైతే హీలాని, యూ2ఓఎస్‌ని పక్కపక్కన పెట్టి రెండింటికీ నట్లిన్-3 ఇవ్వండి. యూ2ఓఎస్‌లో పీ53 లేస్తుంది, హీలాలో పెద్దగా కదలదు. ఆ జెల్ ఫొటో వచ్చాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.